ఇనుము పట్టిన చెయ్యి

సొంత బండిలో ఎడమ సీటులో కూర్చోవాల్సి రావడం కన్నా పెద్ద అవమానం పైడిరాజుకు ఈ లోకంలో మరొకటి లేదు. శృంగవరపుకోట నుంచి అరకు దాకా ఘాటీ రోడ్డు మీద పదిహేనేళ్ళు టూరిస్టు వ్యాను నడిపిన మనిషి. ఆ మలుపులన్నీ అతని చేతులకు కంఠతా వచ్చు. అలాంటివాడు స్టీరింగును బంగారయ్య అనే అద్దె డ్రైవరుకు అప్పగించి, పక్కన కూర్చుని, కాలి కింద లేని బ్రేకును ఘాటీ పొడుగునా తొక్కుతున్నాడు.

వెనక సీట్లోంచి అతని అక్క హైమవతి ఆ కాలినే చూస్తోంది. మలుపు రాగానే కుడిపాదం నేలను గట్టిగా నొక్కుతుంది. మలుపు దాటగానే వదులుతుంది. ఆమెకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

"గేరు మార్చు బంగారయ్యా. బండి ఏడుస్తంది, ఇనపడ్డం నేదేటి?"

"మారుస్తన్నాను అన్నా."

"మార్చీసినాక సెప్పు ఆ మాట."

బంగారయ్య పాపం నెమ్మదస్తుడు, పైగా డ్రైవింగు బాగా వచ్చినవాడు. కానీ అత్త మెచ్చిన కోడలూ, పైడిరాజు మెచ్చిన డ్రైవరూ ఎక్కడా పుట్టలేదు.

పైడిరాజుకు మొదటి ఫిట్స్ స్టాండు దగ్గర టీ తాగుతుండగా వచ్చింది. గ్లాసుతో సహా పడిపోయాడు. అప్పటికి కొత్త నిబంధన వచ్చేసి ఉంది. ఫిట్స్ వచ్చిందని ఆసుపత్రిలో ఒకసారి నమోదైతే చాలు, లైసెన్సు దానంతటదే నిద్రపోతుంది. చివరిసారి ఫిట్స్ వచ్చిన రోజు నుంచి రెండేళ్ళు మళ్ళీ రాకుండా ఉంటే దానంతటదే లేస్తుంది. మధ్యలో ఒక్కటి వచ్చినా లెక్క మళ్ళీ మొదటికే. నిబంధన మంచిదే, కాదనేవాడు లేడు. మంచి నిబంధన మన ఇంటి గడప తొక్కినప్పుడే దాని బరువెంతో తెలిసేది.

ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరి పెళ్ళికి తరలివెళ్ళాలన్నా పైడిరాజు బండే కదిలేది. ఇప్పుడు అతను మందులషాపుకు వెళ్ళాలన్నా ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. భార్య ఈశ్వరి స్కూటీ నేర్చుకుంది. సంతకు వెళ్ళేటప్పుడు వెనక సంచులు పట్టుకుని కూర్చునేవాడు. "రాజుగోరు కిలీనరైపోనారు" అని ఒక పెళ్ళిలో ఎవరో సరదాకి అన్నారు. ఆ మాటకు అందరితోపాటు అతనూ నవ్వి, ఆ తర్వాత పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు.

హైమవతి విశాఖపట్నంలో, రుషికొండ పక్కన ఉన్న నాడీ పరిశోధనశాలలో పనిచేస్తుంది. మెదడులో పుట్టే విద్యుత్తును చదవడం ఆమె పని. చెవి వెనక అంటించుకునే ఒక పట్టీని ఆ ల్యాబులో చాలాకాలంగా తయారు చేస్తున్నారు. అది మెదడు చప్పుడు వింటూ ఉంటుంది. ఫిట్స్ రాబోయే ముందు ఆ చప్పుడులో వచ్చే మార్పును పసిగట్టి, పది నిమిషాల ముందే మోగుతుంది. పది నిమిషాలు చాలు, ఎంతటి బండినైనా పక్కకు తీసి ఆపేయొచ్చు. తమ్ముడు టీకొట్టు ముందు పడిపోయేదాకా హైమవతికి అది ఉద్యోగం. ఆ తర్వాత అది పంతం.

యంత్రానికి నేర్పాలంటే ముందు దానికి వినిపించాలి కదా. అసలైన ఫిట్స్, అసలైన మనుషుల నుంచి. ఆసుపత్రి మంచం మీద పడుకోబెడితే ఎప్పుడో నెలలకోసారి వచ్చేవాళ్ళకు అక్కడ ఉన్నన్నాళ్ళలో రాకపోవచ్చు. అందుకని వాళ్ళవాళ్ళ ఇళ్ళల్లోనే రికార్డు చేద్దామన్నది హైమవతే. శృంగవరపుకోట చుట్టుపక్కల ఊళ్ళల్లో ఫిట్స్ ఉన్న మనుషుల్ని కూడగట్టింది. అందులోనూ తమకు వస్తున్నట్టు ముందే తెలిసిపోయేవాళ్ళను ఏరింది. కొందరికి కడుపులో తిప్పుతుంది, కొందరికి చెవిలో ఈల వినిపిస్తుంది. అలా తెలియగానే ఒక మీట నొక్కితే, యంత్రానికి ఎక్కడ శ్రద్ధగా వినాలో తెలుస్తుంది. ఆలోచన బంగారం లాంటిదని ల్యాబంతా మెచ్చుకుంది.

పైడిరాజుకు కాలిన బెల్లం వాసన వచ్చేది. మందులు ఇంకా కుదురుకోని ఆ రోజుల్లో ఒక ఆదివారం హైమవతి పుట్టింట్లోనే ఉంది. భోజనాలయ్యి అరుగు మీద కూర్చున్నారు. పైడిరాజు ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చాడు.

"అమ్మా, బెల్లం మాడిపోతంది."

పొయ్యి మీద బెల్లం లేదు, పొయ్యిలో నిప్పూ లేదు. పైడిరాజు మీట నొక్కాడు. తల్లి నరసమ్మ ఒక్క ఉదుటున లేచి, బొడ్లోంచి తాళాలగుత్తి తీసి కొడుకు గుప్పిట్లో కుక్కి, ఆ గుప్పిటను తన రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"గట్టిగా పట్టుకో నాయినా. ఇనుము సేతిలో ఉంటే అదేటీ సెయ్యదు."

"అమ్మా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" హైమవతికి చిర్రెత్తుకొచ్చింది. "ఇనుముకూ ఫిట్స్‌కూ ఏ సంబంధమూ లేదు. వాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టు. చేతులు వదిలెయ్యి."

"నీ సదువు నీకాడ ఉంచుకో. మీ తాతకి నానే పెట్టీదాన్ని."

కాసేపటికి ఫిట్స్ రానే వచ్చింది. పోవాల్సిన టైముకు పోయింది. తాళాల వల్లే పోయిందని నరసమ్మ నమ్మకం. హైమవతి ఆమెతో వాదించడం మానేసి, చెవిపట్టీ సరిగ్గా రికార్డు చేసిందో లేదో చూసుకుంది. అంతా చక్కగా ఎక్కింది. ఆమెకు కావలసింది అదే. తాళాల సంగతి ఆమెకు ఇంట్లో చాదస్తం మాత్రమే. ఆ చాదస్తం ల్యాబు దాకా నడిచి వస్తుందని ఏ చదువూ ఆమెకు చెప్పలేదు.

పట్టీ నేర్చుకుంది. దానికి వినిపించకుండా దాచిపెట్టిన రికార్డులతో పరీక్ష పెడితే, దాదాపు అన్నిట్లోనూ ముందే మోగింది. ల్యాబు పెద్ద ప్రొఫెసర్ భానుమూర్తి అంతటి ముభావమైన మనిషీ బల్ల మీద దరువేశాడు. ప్రభుత్వం వాళ్ళు వచ్చి చూశారు. నలభై మందికి, పట్టీ పెట్టుకుని నడిపే షరతు మీద, రెండేళ్ళ గడువు నిండకముందే ప్రయోగంగా లైసెన్సులు తిరిగిచ్చారు. ఆ నలభై మందిలో పైడిరాజు ఒకడు.

మొదటిరోజు హైమవతి సెలవు పెట్టి కోటకు వెళ్ళింది. నరసమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పైడిరాజు కుడివైపు తలుపు తీసుకుని ఎక్కి, స్టీరింగు మీద రెండు చేతులూ వేశాడు. ఈశ్వరి పైట చెంగుతో మొహం తుడుచుకుంది. హైమవతి జీవితంలో అంతకన్నా పెద్ద బహుమతి లేదు, ఇక రాదు కూడా.

"అప్పా," అన్నాడు పైడిరాజు. వాళ్ళ వైపు అక్కను అప్ప అనే పిలుస్తారు. "ఒకేళ నాకు ఆ వాసనొచ్చి, ఇది మోగకపోతే?"

"వాసనల్ని నమ్ముకోకు. ఒక్కోసారి నిజంగానే పక్కింట్లో బెల్లం మాడుతుంది. ఒక్కోసారి నువ్వు భయపడ్డా వచ్చినట్టుంటుంది. అన్నిటికీ బండాపుకుంటూ పోతే ఎలా నడుపుతావు? పట్టీ మోగితే ఆపు. మోగలేదా, నడుపు."

"అంతేనంటావా?"

"నేను చేసిన పట్టీరా. నా మాట నమ్మవా?"

నమ్మాడు. అక్క చిన్నప్పటి నుంచీ చదువులో మొదటిది.

మొదట్లో పట్టీ తరచుగా మోగేది, అదీ ఎక్కువగా ఉదయం పూట, షెడ్డు దగ్గర. పైడిరాజు ఇనప షట్టరు ఎత్తి బండి తీయబోయేలోపు మోగేది. చెప్పినట్టే నులకమంచం మీద పడుకుని ఎదురుచూసేవాడు. ఏమీ వచ్చేది కాదు. లేచి, టీ తాగి, బండి తీసేవాడు. దారిలో మటుకు ఒక్కసారీ మోగలేదు. మిగతా వాళ్ళ కథా ఇంచుమించు ఇంతే. ఇళ్ళ దగ్గర మోగుతుంది, రోడ్డు మీద మోగదు.

"ఎందుకు మోగి ఊరుకుంటోంది?" అని హైమవతి అడిగితే భానుమూర్తి చిరునవ్వు నవ్వాడు.

"మోగగానే పడుకుంటున్నారు, విశ్రాంతి తీసుకుంటున్నారు. రాబోయేది రాకుండా పోతోంది. మనం అనుకున్నదాని కన్నా మంచి వస్తువే చేశామమ్మా."

ఆ జవాబు హైమవతికి తియ్యగా ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దు. ప్రశ్న అక్కడే ఆపేసింది.

వర్షాలు తగ్గుముఖం పట్టాయి. పైడిరాజు చివరి ఫిట్స్ వచ్చి రెండేళ్ళు నిండడానికి ఇంకా కొద్ది నెలలే. అది దాటితే ఏ ప్రయోగమూ, ఏ పట్టీ లేకుండానే అతని లైసెన్సు అతనికి వచ్చేస్తుంది. ఆ గడువు నిండే దీపావళి కోసం ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు.

ఆ సోమవారం ఉదయం ల్యాబుకు ఆదిలక్ష్మి అనే కొత్తమ్మాయి వచ్చింది. గాజువాకలో బట్టలు కుడుతుంది, సొంత స్కూటరు మీద తిరగాలని ఆమె ఆశ. తోడుగా మేనత్త వచ్చింది. పట్టీ అంటించి, కాసేపు అలవాటు పడమని కుర్చీలో కూర్చోబెట్టారు. ఆదిలక్ష్మి కాగితప్పళ్ళెంలో ఇడ్లీ తింటోంది. హైమవతి ఎదురుగా తెర మీద ఆమె మెదడు గీతల్ని చూస్తూ ఏదో అడుగుతోంది.

జవాబు రాలేదు. తలెత్తి చూస్తే ఆదిలక్ష్మి చెయ్యి గాల్లో ఆగిపోయి ఉంది. ప్లేటు జారింది. మెడ ఒక పక్కకు తిరిగి, ఒళ్ళంతా కొయ్యబారి, కొట్టుకోవడం మొదలైంది.

పట్టీ మోగలేదు.

ముందు మోగలేదు, ఇప్పుడూ మోగడం లేదు. హైమవతి పరుగెత్తుకెళ్ళి ఆదిలక్ష్మి తలకింద చెయ్యి పెట్టి నేల మీదకు దింపింది. "పట్టీ పాడైంది, ఇంకోటి తీసుకురండి!" అని అరిచింది. ఈలోగా మేనత్త, "ఇనుమేదమ్మా, ఇనుము!" అంటూ బల్లంతా తడిమి, బీరువా తాళాలగుత్తి దొరకబుచ్చుకుని మేనకోడలి గుప్పిట్లో కుక్కింది.

పట్టీ మోగింది.

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, హైమవతికి తప్ప. ఆమెకు అర్థమైపోయింది. ఆదిలక్ష్మిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, కొట్టుకోవడం తగ్గి ఊపిరి సర్దుకునేదాకా అక్కడే మోకాళ్ళ మీద ఉంది. నర్సు వచ్చాక లేచి, ఆ పట్టీని ఊడదీసి తన చెవి వెనక అంటించుకుంది. అది కుదురుకునేదాకా ఆగి, తాళాలగుత్తిని గుప్పిట్లో బిగించింది.

పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ఫిట్స్ రాని ఆ మనిషి చెవి వెనక పట్టీ గణగణా మోగింది.

తాళాలు వదిలేసింది. కాసేపటికి ఆగిపోయింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ మోగింది.

వాళ్ళ యంత్రం నేర్చుకున్నది ఫిట్స్‌ని కాదు, ఇనుముని. ఇంటింటికీ వెళ్ళి రికార్డు చేసిన ప్రతి ఫిట్స్‌కీ ముందు, వస్తున్నట్టు తెలిసిన ప్రతి మనిషి చేతిలోనూ ఎవరో ఒకరు తాళాలో, కొడవలో, అట్లకాడో పెట్టారు. చల్లటి ఇనుమును బిగించి పట్టుకున్న చెయ్యి మెదడులో ఒక గుర్తు వేస్తుంది. మూర్ఛ గుర్తు మనిషి మనిషికీ మారుతుంది, చిక్కుగా ఉంటుంది. ఇనుము గుర్తు అందరిలోనూ ఒక్కటే, తేలిక. తెలివైన యంత్రం తేలిక దారి పట్టింది. దాచిపెట్టి పరీక్షించిన రికార్డులూ ఆ ఇళ్ళవే కనక అన్నీ సరిపోయాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇది ఇంట్లో మాత్రమే గెలిచింది.

షెడ్డులో ఇనప షట్టరు ఎత్తితే మోగింది. దారిలో స్టీరింగుకు రెగ్జిను తొడుగు ఉంటుంది, ఎందుకు మోగుతుంది?

పైడిరాజు! హైమవతి గోడగడియారం చూసింది. ఈపాటికి ఘాటీ ఎక్కుతూ ఉంటాడు. ఫోను చేసింది. నడిపేటప్పుడు ఫోను ఎత్తకూడదన్నది ఆమె పెట్టిన షరతే, తమ్ముడు తు.చ. తప్పకుండా పాటిస్తాడు. రెండోసారి చేస్తే అందుబాటులో లేదంది.

భానుమూర్తి గదిలోకి ఆమె అడగకుండానే దూసుకుపోయింది. చెప్పింది. చేసి చూపించింది. ఆయన తన చెవికే పెట్టుకుని తాళాలు పట్టుకున్నాడు. మోగింది. ఆయన మొహం ఒక్క నిమిషంలో పదేళ్ళు ముసలిదైంది.

"కూర్చో హైమా. తొందరపడొద్దు. మన పట్టీని చూడ్డానికి రేపు ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్ళ ముందే మనమే పద్ధతిగా చెప్దాం. ఇవాళ సాయంత్రం ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఏదో మరమ్మతని పట్టీలు వెనక్కి తెప్పిద్దాం. గోల చేస్తే ఇంకెవ్వరూ ఈ రంగం మొహం చూడరు."

"సాయంత్రమా? వాళ్ళు ఇప్పుడు రోడ్ల మీద ఉన్నారండీ."

"ఇన్ని నెలల్లో ఏమీ కాలేదు కదా. ఈ ఒక్కపూటలో అవుతుందా?"

హైమవతికి ఆయన మీద కోపం రాలేదు. నిన్నటిదాకా తనూ అలాంటి తియ్యటి మాటలే విని ఊరుకుంది. అసహ్యం వేసింది, అది తన మీద. నెలకోసారి పట్టీలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి ఒకేసారి మోగించే మీట ఒకటి ఆయన బల్ల మీదే, తెరలో ఉంది. ఆమె వంగి దాన్ని నొక్కింది.

"ఏం చేశావు!"

"అబద్ధం చెప్పించాను," అంది హైమవతి. "ఇన్నాళ్ళూ చెప్పిందే. ఈ ఒక్కసారి పనికొచ్చే అబద్ధం."

తెర మీద పటంలో పట్టీలున్న చోట్లను చూపుతూ కదులుతున్న చుక్కలు ఒక్కొక్కటే రోడ్డు పక్కకు జరిగి ఆగడం మొదలుపెట్టాయి. అనకాపల్లి దగ్గర ఒకటి, విజయనగరం బైపాసులో ఒకటి, గోపాలపట్నంలో ఒకటి. ఒక్కో చుక్కలో ఒక్కో మనిషి గుండె చేత్తో పట్టుకుని, వస్తుందొస్తుందని ఎదురుచూస్తున్నాడు. వాళ్ళను అలా బెదరగొట్టింది తనేనని హైమవతికి తెలుసు. అయినా కళ్ళు తిప్పుకోలేదు. కదిలే చుక్క ఒక్కటీ మిగల్లేదు.

కానీ పైడిరాజు చుక్క ఆగినవాటిలోనూ లేదు. అసలు తెర మీదే లేదు. ఘాటీ మధ్యలో సిగ్నలుండదు.

ఇక మిగిలింది ఘాటీ పైన చెక్‌పోస్టు. అక్కడికి ఫోను చేస్తే పోలీసులు ఆపుతారు. టూరిస్టుల ముందు, ఎదురొచ్చే డ్రైవర్లందరి ముందు, దొంగబండిని ఆపినట్టు ఆపుతారు. ఆ రోడ్డు మీద మళ్ళీ పైడిరాజు తలెత్తుకుని తిరగలేడు. చెయ్యకపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. హైమవతి ఎక్కువసేపు ఆలోచించలేదు, ఆలోచిస్తే చెయ్యలేనని తెలుసు. నంబరు కనుక్కుని చేసింది. బండి నంబరు చెప్పింది. "ఆ డ్రైవరు మా తమ్ముడండీ. దయచేసి కాస్త మర్యాదగా ఆపండి," అంది. అవతల ఎస్సై సరేనన్నాడు. ల్యాబు కారు డ్రైవరును తీసుకుని ఆమె అప్పటికప్పుడు బయల్దేరింది.

దారంతా ఆమెకు లోయ కనపడుతూనే ఉంది. ఘాటీ కింద బొడ్డవర దాటాక ప్రతి మలుపులోనూ కిటికీలోంచి తల బయటపెట్టి కింద చెట్లలోకి చూసింది. విరిగిన కొమ్మ కనపడితే ఇంకాస్త బయటికి వంగింది. చెక్‌పోస్టు దగ్గర రోడ్డు పక్కన తెల్ల వ్యాను నిలబడి కనిపించాక ఆమె గట్టిగా ఏడ్చేసింది. ల్యాబు డ్రైవరు బండి నెమ్మది చేశాడు.

వ్యాను లోపల రాజమండ్రి నుంచి వచ్చిన ఒక కుటుంబం చిరాకు పడుతోంది. పైడిరాజు చెట్టు కింద సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. అక్కను చూసి లేవలేదు.

"పోలీసోలికి నువ్వే సెప్పినావంట."

"నేనే."

"ఎందుకప్పా? నానేటి తప్పు సేసినాను? మోగితే ఆపీసినాను, మోగకపోతే నడిపినాను. నువ్వు సెప్పినట్టే గదా సేసినాను."

హైమవతి అతని పక్కనే కూర్చుంది. అంతా చెప్పింది. ఇంట్లో తాళాలగుత్తి, షెడ్డులో షట్టరు, ఆదిలక్ష్మి చెయ్యి. ఎక్కడా తన తప్పు తగ్గించి చెప్పలేదు. ఆమె ముగించేదాకా పైడిరాజు రోడ్డు వంకే చూశాడు.

"అయితే మోగినప్పుడల్లా నాకేటీ నేదన్నమాట."

"లేదు."

"మోగనప్పుడు...?"

"మోగనప్పుడు దానికేమీ తెలీదురా."

అతను చెవి వెనక చెయ్యి పెట్టి పట్టీని పీకేశాడు.

"మొన్న సుక్కురారం," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "గాలికొండ దిగినాక మలుపులో. బెల్లం మాడిన వాసనొచ్చింది. బండాపీద్దామనుకున్నాను. ఇది మోగనేదు. అప్ప సెప్పింది గదా, వాసన్లు నమ్మొద్దని. సర్లెమ్మని నడిపీసినాను. మరింక గేపకం నేదు. సూసీసరికి బండి కొండవైపు కాలవలోకి ఒరిగిపోయి ఉంది, ఇంజిను తిరుగుతంది. ఎనకాల పద్నాలుగు మంది టీచర్లమ్మలు, అందరూ నిద్దరోతన్నారు. కునుకు పట్టీసిందనుకున్నాను. మోగనేదు గదా, ఫిట్స్ ఎలాగవుద్ది, కునుకే అనుకున్నాను."

రోడ్డుకు ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. బండి ఎటు ఒరగాలన్నది ఆ రోజు ఎవరూ నిర్ణయించలేదు. ఆ మనిషికి ఒళ్ళు ఇచ్చిన హెచ్చరిక ఒకటి ముందు నుంచే ఉంది, అది నిజమైనది, ఎప్పుడూ తప్పలేదు. దాన్ని నమ్మొద్దని చెప్పి, దాని స్థానంలో తాళాలగుత్తిని పెట్టింది తనే.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"ఈశ్వరికి కూడా సెప్పనేదు."

హైమవతి చుట్టూ చూసింది. ఎవరూ దగ్గరలో లేరు. అప్పుడు ఆమె మనసులోకి వచ్చిన మాటకు ఆమె తర్వాత చాలాకాలం సిగ్గుపడింది. ఎవరికీ తెలియదు. పట్టీ ఎలాగూ ఏమీ రికార్డు చేసి ఉండదు, మోగినప్పటివి మాత్రమే దాచుకుంటుంది అది. ఈ శుక్రవారం లేదనుకుంటే వీడికి మిగిలింది కొద్ది నెలలే. ఉందనుకుంటే మొత్తం రెండేళ్ళూ మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ సంచులు పట్టుకుని స్కూటీ వెనక కూర్చోవాలి. ఇంత చేసింది తను. కనీసం ఈ ఒక్కటీ వాడికి మిగల్చలేనా? బండి ఎలాగూ దీపావళి దాకా ముట్టుకోడు. మందులు ఇంకాస్త పెంచుకుంటాడు. పెదవి దాకా వచ్చింది ఆ మాట.

ఎస్సై వాళ్ళ వైపు నడిచి వచ్చాడు. పెద్దమనిషే. అన్నమాట ప్రకారం మర్యాదగానే మాట్లాడాడు.

"మేడమ్, మీ ల్యాబు నుంచి మీ సారు కూడా ఫోను చేశారు. పట్టీలన్నీ వెనక్కి తీసుకుంటున్నారంట కదా. ఈయన లైసెన్సు మళ్ళీ పాత లెక్కలోకే వెళ్తుంది. పై ఆఫీసుకు నేను ఒక్క మాట చెప్పాలి, అంతే." పైడిరాజు వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఈ పట్టీ పెట్టుకుని నడిపిన రోజుల్లో ఎప్పుడైనా నీకు వచ్చిందా? లేదంటే లేదని చెప్పేస్తాను. అయిపోతుంది."

లేదని చెప్పరా, అనుకుంది హైమవతి. పైకి అనలేదు. కానీ తమ్ముడి కళ్ళలోకి సూటిగా చూసింది, ఆ చూపులో ఆ మాట ఉంది. పైడిరాజు చదివాడు. అక్క ఏం చెప్పినా నమ్మడం అతనికి చిన్నప్పటి అలవాటు.

వ్యానులోంచి రాజమండ్రి వాళ్ళ ముసలావిడ కిటికీ అద్దం పక్కకు లాగి, "ఏం బాబూ, ఇంకెంతసేపు? నువ్వు లేకపోతే మమ్మల్ని ఎవరు తీసుకెళ్తారు?" అని అడిగింది.

పైడిరాజు ఆమె వంక చూశాడు. అక్క మొహం మీంచి కళ్ళు తిప్పేసుకుని, లుంగీ దులుపుకుని లేచి నిలబడ్డాడు.

"వచ్చింది సార్. మొన్న సుక్కురారం వచ్చింది, బండి నడుపుతుంటేనే వచ్చింది. రెండేళ్ళూ ఆ రోజు కాణ్ణించి లెక్కెట్టుకోండి."